మన పిల్లలు ఈ దిబ్బలను గూర్చి అడిగినప్పుడు

ధ్యాన భాగములు: యెహోషువ 4వ అధ్యాయము, యోబు 28వ అధ్యాయము



క్రిస్మసుకు, ఎండాకాలపు సెలవులకు మన కుటుంబములు బెంగుళూరు నుండి, చెన్నై నుండి, గల్ఫ్ దేశముల నుండి కోలారు బంగారు గనులకు తిరిగి వస్తూ ఉంటాయి. ఆరాధన ముగిసి భోజనములు అయ్యాయో లేదో, పిల్లలు అడిగే మొదటి మాట ఒకటే: "సైనైడ్ దిబ్బకు ఎప్పుడు వెళ్దాము?" తండ్రి కెమెరా వెదుక్కుంటాడు. తల్లి నీళ్ల సీసాలు నింపుతుంది. పిల్లలు అట్టముక్కో, పాత రేకు ముక్కో, ప్లాస్టిక్ బేసినో చంకన పెట్టుకొని బయలుదేరుతారు. దుబాయిలోనో మస్కట్‌లోనో ఎడారి విహారమునకు వెళ్లి, పలక మీద నిలబడి ఇసుక గుట్టల మీద నుండి జారడము నేర్చుకొన్న పిల్లలకైతే ఇది తెలిసిన ఆటే. ఎండలో దిబ్బ లేత పసుపుగా మెరుస్తుంది. పైన నీలి ఆకాశము, మధ్యలో రంగుల బట్టలతో నవ్వుతూ జారే పిల్లలు. ఫోటో బ్రహ్మాండముగా వస్తుంది. చూసినవారు ఇది రాజస్థానమా, అరేబియానా అని అడుగుతారు.

ఆ ఫోటోను ఎదుట పెట్టుకొని ఈసారి వాక్యమును ధ్యానించుకొందాము.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు దేవుడు యెహోషువకు ఒక పని చెప్పాడు. గోత్రమునకు ఒకరు చొప్పున పన్నెండుమంది, యాజకుల పాదములు నిలిచిన చోట నుండి పన్నెండు రాళ్లను ఎత్తి భుజము మీద మోసికొని రావాలి. వాటిని గిల్గాలులో నిలువబెట్టారు. ఏటిలో దొరికే రాళ్లే గనుక వాటిలో చూడదగిన అందమేమీ ఉండి ఉండదు. అయితే ముందు ముందు పిల్లలు వాటిని చూచి, ఇవి ఎందుకు ఇక్కడ ఉన్నాయని అడుగుతారు. ఆ ప్రశ్న కొరకే దేవుడు ఆ రాళ్లను అక్కడ పెట్టించాడు. ఇంకొక సంగతి గమనించండి. జవాబు చెప్పవలసిన భారమును ఆయన యాజకుల మీద వేయలేదు, తండ్రుల మీద వేశాడు. ఆదివారపు బడి ఉపాధ్యాయుల మీద అంతా వదిలివేసే తల్లిదండ్రులు ఆ అధ్యాయములో 21, 22 వచనములను మరొకసారి చదువుకోవాలి.

మన దిబ్బలను జ్ఞాపకార్థముగా ఎవరూ నిలువబెట్టలేదు. అవి పనికిరావని పారవేసినవి. అయినా పిల్లలు అడుగుతారు. "డాడీ, ఇక్కడికి ఇంత ఇసుక ఎలా వచ్చింది?" చుట్టూ సముద్రము లేదు, పెద్ద నది లేదు. తలకాడులో ఇసుక ఉన్నదంటే కావేరి ఒడ్డు గనుక ఉన్నది. భీమునిపట్నము దగ్గర ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయంటే పక్కన సముద్రమున్నది. కోలారు జిల్లాలో చెరువులు ఎండి, చింతచెట్లు నీడనిచ్చే మెట్ట నేలలో ఈ ఇసుక కొండలేమిటి? పిల్లవాని ప్రశ్న సరియైనదే. "ఏమో, గనులవాళ్లు వేశారు" అని చెప్పి, "ఇటు చూడు, నవ్వు" అని మీట నొక్కే తండ్రి ఆ పిల్లవాని ప్రశ్నను అక్కడే పూడ్చివేస్తున్నాడు.

జవాబు ఏమిటో చెప్పుకొందాము. ఆ దిబ్బలలో ఉన్నది ఇసుక కాదు, పిండిచేసిన రాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనులను చేపట్టినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన దినము వరకు, నూట ఇరువది ఏండ్లు మనుష్యులు భూమి లోపల నుండి రాతిని పగులగొట్టి పైకి తెచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత లోతున రాయి ముట్టుకోలేనంత వేడి. పైకి తెచ్చిన రాతిని మిల్లులలో దంచి, పిండివలె విసిరి, సైనైడ్ కలిపిన నీళ్లలో నానబెట్టేవారు. బంగారము ఆ నీళ్లలో కరిగేది. జింకుతో దానిని మరల వేరుచేసేవారు. 1887లో గ్లాస్గోలో కనిపెట్టిన ఈ పద్ధతి వచ్చిన తరువాత, అంతకు ముందు చేతికి చిక్కకుండా పోయిన సన్నని బంగారము కూడా చిక్కింది. ఈ నేల నుండి మొత్తము సుమారు 800 టన్నుల బంగారము వెళ్లిపోయింది. మిగిలిన రాతి పిండి ఇక్కడే ఉండిపోయింది. పెద్ద దిబ్బలు 13, మూడు కోట్ల టన్నులకు పైబడిన రాతి పిండి. మన పిల్లలు జారుతున్నది దాని మీదనే.

ఆ రాతిని పగులగొట్టినవారు ఎవరు? ఎక్కువమంది తమిళ సహోదరులు. వారితో పాటు చిత్తూరు నుండి, నెల్లూరు నుండి, ఇంకా ఇతర తెలుగు సీమల నుండి వచ్చిన మన పెద్దలు. మన బాప్తిస్టు సంఘముల చరిత్ర తెలిసినవారికి ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకము వస్తుంది. 1876 నుండి 1878 వరకు వచ్చిన ఘోరమైన కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. అదే కరువు కోలారును కూడా పీడించింది. ఆ మరుసటి రెండేండ్లకే ఇక్కడ గనుల పని ఊపందుకొన్నది. తట్ట, పార, గునపము మన సంఘములకు పరాయి వస్తువులు కావు. త్రవ్విన మట్టి ప్రక్కనే మన పితరులు దేవుని పిలుపు విన్నారు.

యోబు గ్రంథము 28వ అధ్యాయమును మన కె.జి.ఎఫ్. సంఘములు సంవత్సరమునకు ఒకసారి అయినా బిగ్గరగా చదువుకొంటే మేలు. గనిలో దిగిన మనిషి మాత్రమే పూర్తిగా అర్థము చేసికొనగల అధ్యాయమది. మనుష్యుడు చీకటికి హద్దు పెట్టి లోపలికి దిగిపోవడము, జనులు తిరుగు చోట్లకు దూరముగా వ్రేలాడడము, డేగ కన్ను కూడా చూడని దారులు, బంగారపు పొడి కలిగిన రాళ్లు అన్నీ అందులో ఉన్నాయి. కేజ్‌లో దిగినప్పుడు చెవులు గడియపడిన మనిషికి ఇది వేరే దేశపు మాటవలె ఉండదు. అంత చెప్పిన తరువాత యోబు, ఇంత వెదకగలిగిన మనుష్యునికి జ్ఞానము మాత్రము ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు. దానిని బంగారముతో కొనలేమంటాడు. 800 టన్నులతో కూడా కొనలేమని మన ఊరు చూస్తే తెలుస్తుంది. బంగారము తీసిన ఊరిలో పనిలేక మన బిడ్డలు తెల్లవారకముందే మారికుప్పములో రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగుళూరుకు పోయి, రాత్రికి ఇంటికి చేరుతున్నారు.

ఇప్పుడు ఫోటో సంగతి కొంచెము మాట్లాడుకొందాము. ఇసుక, మంచు, సముద్రతీరము వంటి తెల్లని చోట్ల కెమెరా మోసపోతుంది. ఎదుట ఉన్న వెలుగును లెక్కవేసి, ఇది మరీ ఎక్కువని తలచి, తనంతట తానే వెలుగు తగ్గించుకొంటుంది. అప్పుడు దిబ్బ చక్కగా వస్తుంది గాని మనుష్యుల ముఖములు నల్లబడిపోతాయి. స్టూడియోవారికి దీని ఉపాయము తెలుసు. వెలుగు కొలతను దిబ్బ దగ్గర కాక ముఖము దగ్గర పట్టాలి. దిబ్బ కొంచెము వెలిసిపోయినా పరవాలేదు, మనిషి కనబడాలి. సెల్‌ఫోనులో కూడా ముఖము మీద వ్రేలు పెట్టి నొక్కితే అది ముఖమునకు తగినట్టు వెలుగును సరిచేసికొంటుంది.

కె.జి.ఎఫ్.ను గూర్చి లోకము తీసిన చిత్రములన్నిటికీ ఈ దోషమే ఉన్నది. బంగారపు మెరుపును బట్టి కొలత పట్టారు, ముఖములు నల్లబడిపోయాయి. కంపెనీ కాలపు పాత ఛాయాచిత్రములను చూడండి. కుర్చీలలో కూర్చున్న దొరల పేర్లు తరచుగా అడుగున అచ్చై ఉంటాయి. వెనుక వరుసలో తలపాగలతో, వట్టి కాళ్లతో నిలబడిన మనవారికి పేర్లుండవు. 2018 డిసెంబరులో మన ఊరి పేరుతోనే కన్నడ సినిమా వచ్చింది, 2022 ఏప్రిల్‌లో దాని రెండవ భాగము వచ్చింది. దానికి ఈ దిబ్బల మీద కూడా చిత్రీకరణ చేశారు. అప్పటి నుండి దూరపు ఊళ్లవారు కూడా దిబ్బ మీద నిలబడి ఆ వీరుని వలె ఫోటో తీయించుకొంటున్నారు. సినిమా మంచిచెడ్డలను గూర్చి ఇక్కడ వాదించము. కాని ఆ ఫోటోలలో ఉన్న కె.జి.ఎఫ్. వేరు, మూడవ షిఫ్టు ముగించుకొని బూడిద రంగు ముఖముతో లైన్లలోని ఒంటిగది ఇంటికి నడిచి వచ్చిన మనిషి కె.జి.ఎఫ్. వేరు.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయములో కంపెనీ ఫోటోకు సరిగ్గా ఎదురు పద్ధతి పాటిస్తుంది. నిర్గమకాండము మొదటి అధ్యాయము చదవండి. కరువుకు వలస వచ్చిన కుటుంబము, తరువాత వెట్టిచాకిరి, మట్టి, ఇటుకలు. ఆ దేశమునేలిన రాజు పేరు అక్కడ ఎక్కడా లేదు, ఫరో అని మాత్రమే ఉన్నది. అది పదవి పేరు. పండితులు ఈనాటికీ అతడెవరని వాదించుకొంటున్నారు. అదే అధ్యాయములో ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రము స్పష్టముగా ఉన్నాయి: షిఫ్రా, పూయా. దేవుని కెమెరా ఎవరి ముఖము మీద కొలత పట్టిందో చూశారా?

ప్రియులారా, ఇక మెత్తగా చెప్పడానికి వీలులేని మాట ఒకటున్నది. గనులలో రాతిని తొలిచినప్పుడు లేచిన సన్నని ధూళి మన పెద్దల ఊపిరితిత్తులలో పేరుకొన్నది. దానిని సిలికోసిస్ అంటారు. 1940లలో ఇక్కడి కార్మికులను పరీక్షించినప్పుడు నూటికి నలభైమందికి పైగా ఈ జబ్బు కనబడింది. దానిని నయము చేసే మందు ఈనాటికీ లేదు. పని మానిన చాలా ఏండ్ల తరువాత కూడా ఆయాసము పెరుగుతూ పోవచ్చును. మన సంఘములలో పాట మొదటి చరణము పాడి, రెండవ చరణమునకు ఊపిరి అందక పుస్తకము మూసి కూర్చొనే తాతగారిని చూడనివారు ఎవరున్నారు? వారి లోపలికి పోయిన ధూళిది, ఆ దిబ్బది ఒకే రాయి. కంటికి కనబడే రేణువు బట్టలకు అంటుకొంటుంది, దులిపితే పోతుంది. కంటికి కనబడనిది లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. సైనైడ్ అనే పేరు విని భయపడేవారు ఉన్నారు. ఎండకు, గాలికి అది కాలక్రమేణ చాలావరకు విరిగిపోతుంది. రాతి పిండి అలా విరిగిపోయేది కాదు. గాలి వీచినప్పుడల్లా అది లేచి, దిబ్బల చుట్టూ ఉన్న ఇండ్లలోని అన్నపు గిన్నెల మీద, నీళ్ల కుండల మీద పడుతూనే ఉన్నది.

కాబట్టి పిల్లలను ఆ దిబ్బల మీద జారనివ్వవద్దు. ఈ మాట చెప్తే, సంఘపు పెద్దలకు పిల్లల ఆట కిట్టదని కొందరు అనుకోవచ్చు. అది న్యాయము కాదు. జెకర్యా 8వ అధ్యాయములో దేవుడు యెరూషలేమును బాగుచేసినప్పుడు ఎలా ఉంటుందో చూపిస్తూ, చేతికర్రలు పట్టుకొన్న వృద్ధులు వీధులలో కూర్చొని ఉండడము, అవే వీధులు ఆడుకొనే మగపిల్లలతో, ఆడపిల్లలతో నిండి ఉండడము మన ఎదుట పెడతాడు. ఆట దేవుని దీవెనలో భాగము. గాలి చేసిన ఎడారి గుట్టల మీద, నెల్లూరు సముద్రపు ఒడ్డున, మీ బిడ్డలు జారనివ్వండి, దొర్లనివ్వండి, ఇష్టము వచ్చినన్ని ఫోటోలు తీయండి. ఈ దిబ్బ మాత్రము వేరు. వాన నీళ్లకు దాని ప్రక్కలు కోసుకొనిపోయి లోతైన గండ్లు పడ్డాయి, అంచులు బోలుగా ఉన్నాయి. పైన గట్టిగా కనబడిన చోట కాలు దిగబడవచ్చును. అంతకంటె పెద్ద సంగతి, జారిన ప్రతిసారీ ధూళి లేచేది పిల్లవాని ముక్కు ఎత్తులోనే. తాతకు కూలి కొరకు తప్పలేదు. మనుమనికి ఫోటో కొరకు ఎందుకు?

జెకర్యా చూపించినదానిలో ఇంకొక వివరమున్నది. వృద్ధులు, పిల్లలు ఒకే వీధిలో ఉన్నారు. మన ఫోటోలలో పిల్లలు దిబ్బ మీద ఉంటారు, వృద్ధులు ఇంట్లో ఉండిపోతారు. వారు దిబ్బ దాకా నడవలేరు గనుక ఫోటోలో ఉండరు. దిబ్బను చేసిన మనిషి దిబ్బ ఫోటోలో లేకపోవడము మనకు వింతగా తోచడము లేదు.

త్వరపడవలసిన కారణము కూడా ఉన్నది. ఆ రాతి పిండిలో ఇంకా కొద్దిపాటి బంగారము మిగిలియున్నది. 13 దిబ్బలను మరల త్రవ్వి దానిని తీయాలన్న కేంద్ర ప్రభుత్వపు ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించింది. అది మంచిదా, ధూళి ఇంకా లేస్తుందా, మన యువకులకు పని దొరుకుతుందా అన్నది ఊరివారందరూ కలిసి అడగవలసిన విషయము, ఆ ప్రశ్నలలో మన సంఘములు వెనుక కూర్చొనకూడదు. ఒకటి మాత్రము చూడండి. టన్నుకు ఒక గ్రాము కూడా లేని బంగారమును లెక్కగట్టి ఆ పారవేసిన పిండికి వెల ఉన్నదంటున్నారు. దానిని పైకి తెచ్చిన చేతులకు లెక్క ఎవరు వ్రాశారు? దిబ్బలు కరిగిపోతే పిల్లలు అడగడానికి గుర్తు కూడా ఉండదు. గిల్గాలు రాళ్లు ఈనాడు ఎక్కడ ఉన్నాయో ఎవరూ చూపించలేరు, కాని తండ్రులు చెప్పిన మాట మనవరకు వచ్చింది.

సెలవులకు వచ్చే కుటుంబములకు మా మనవి ఇది. దిబ్బ ఫోటో కావాలంటే దూరము నుండి తీయండి. ఉదయమో సాయంకాలమో ఎండ ప్రక్కగా పడినప్పుడు దాని మడతలన్నీ కనబడతాయి, మధ్యాహ్నపు ఎండలో అది చదునుగా కనబడుతుంది. తరువాత మీ ఇంటిలో గనిలో పనిచేసిన పెద్దవారు ఎవరున్నారో వారి దగ్గరకు పిల్లలను తీసికొని వెళ్లండి. ఏ గని, ఏ షాఫ్టు, ఏ షిఫ్టు, ఏ ఊరి నుండి ఎవరి వెంట వచ్చారు, ఎయిర్ బ్లాస్టు జరిగి లైన్లలో ఇండ్లు అదిరిన రాత్రి ఎక్కడ ఉన్నారు, తెలుగు ఆరాధనకు మొదట ఎవరు తీసికొని వెళ్లారు అని పిల్లలే అడగాలి. జవాబులను ఫోటో వెనుక వ్రాయండి. తెలుగులో వ్రాయండి. పిల్లలకు తెలుగు వ్రాత రాకపోతే వారి చేత ఇంగ్లీషులోనో కన్నడములోనో అయినా వ్రాయించండి గాని పేరు లేకుండా వదలవద్దు. విధవరాండ్రు ఉంటే వారి భర్తల పేర్లు, పనిచేసిన చోటు అడిగి వ్రాయండి. ఆ స్త్రీల పేర్లు కూడా వ్రాయండి, షిఫ్రా పూయాల సంగతి చదివాము గదా.

ఫోటో తీయడానికి ఉదయము ఎనిమిది గంటలలోపు మంచి సమయము. వెలుగు మెత్తగా ఉంటుంది, గాలి ఇంకా లేవదు. తాతగారిని దిబ్బ దగ్గరకు నడిపించకండి. ఆయన వాకిట్లో కూర్చున్న చోటుకే కుర్చీ ప్రక్కన పిల్లలను నిలబెట్టండి. ఆయన దగ్గడము ఆగేవరకు కొంచెము ఓర్చుకొని, అప్పుడు తీయండి.